స్టాన్‌మోర్‌లో మొదలయ్యే లైను

2020 సెప్టెంబరులో ఒక శనివారం రాత్రి టెక్సస్ నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. అప్పటికి దానికి పన్నెండేళ్ళు. "ఎలా ఉన్నావు మామయ్యా" అనైనా అనకుండా "అలెక్స్ మోర్గాన్ మీ ఇంటి పక్కకే వస్తోంది, తెలుసా?" అంది. నాకు ఆ పేరు తెలియదు. తెలియదనే చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. వెంబ్లీ స్టేడియానికి నాలుగు స్టేషన్ల దూరంలో ఉంటూ అలెక్స్ మోర్గాన్ ఎవరో తెలియని మామయ్య తనకున్నాడని ఆ పిల్ల ఎప్పుడూ అనుకోలేదు.

తర్వాత అదే ఓపిగ్గా చెప్పింది. అలెక్స్ మోర్గాన్ అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టులో ఫార్వర్డ్. వాళ్ళ భాషలో సాకర్. 2015లోనూ 2019లోనూ ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఉంది. ఆ ఏడు మేలో కూతుర్ని కన్నది. మళ్ళీ ఆటలోకి దిగడానికి టాటెన్‌హామ్ మహిళల జట్టులో చేరుతోంది. ఆ జట్టు సొంత మ్యాచులు ఆడేది హైవ్‌లో.

హైవ్ నాకు బాగా తెలుసు. నేను లండన్‌లో జూబ్లీ లైనులో రైలు నడుపుతాను. ఆ లైనుకు నేనుండే స్టాన్‌మోర్ ఒక కొస. అక్కడ బండెక్కితే మొదట కానన్స్ పార్క్, తర్వాత క్వీన్స్‌బరీ, కింగ్స్‌బరీ, ఆ తర్వాత వెంబ్లీ పార్క్. కానన్స్ పార్క్ దాటగానే పట్టాల పక్కన వచ్చే మైదానమే హైవ్. బార్నెట్ అనే చిన్న క్లబ్బు నూరేళ్ళకు పైగా ఆడిన పాత గ్రౌండు వదిలేసి 2013లో ఇక్కడికి చేరింది. ఆ క్లబ్బు వాళ్ళకు తేనెటీగలని ముద్దుపేరు, అందుకే మైదానానికి తేనెటీగల గూడు అనే పేరు పెట్టుకున్నారు. చిరునామాలో ఎడ్జ్‌వేర్ అని ఉంటుంది గానీ స్టాన్‌మోర్ వాళ్ళం దాన్ని మా గ్రౌండనే అనుకుంటాం. ఇంట్లో చాయ్ తాగి నడిచి వెళ్ళొచ్చు.

కానీ ఆ ఏడు నడిచి వెళ్ళే వీల్లేదు. నవంబరు 5న ఇంగ్లండులో రెండో లాక్‌డౌన్ మొదలైంది. 7వ తేదీన రెడింగ్‌తో జరిగిన మ్యాచు రెండో సగంలో మోర్గాన్ సబ్‌స్టిట్యూట్‌గా దిగింది. ఆట 1-1తో ముగిసింది. గేట్లు మూసే ఉన్నాయి. దేశదేశాల స్టేడియాలు ఎవరి కోసం నిండేవో ఆ మనిషి మా పేటలో ఖాళీ కుర్చీల ముందు ఆడింది. ఆ రోజుల్లో నేనూ ఖాళీ పెట్టెలే లాగాను. ఆసుపత్రి నర్సులు, సూపర్‌మార్కెట్ పనివాళ్ళు పెట్టెకు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. హైవ్ పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ క్యాబ్‌లోంచి అటు చూసేవాణ్ణి. స్టాండు వీపు, దీపస్తంభాలు, అంతే. అయినా మా మేనకోడలికి మెసేజ్ పెట్టేవాణ్ణి: ఇప్పుడే మీ గ్రౌండు దాటాను. అది వెంటనే గుండె బొమ్మ పంపేది.

మోర్గాన్ ఇక్కడ ఆడింది 5 మ్యాచులు, వేసింది 2 గోల్స్, రెండూ పెనాల్టీలే. ఆ చలికాలంలోనే వెళ్ళిపోయింది. ఆమె ఒక్కతే కాదు. కోవిడ్‌తో అమెరికా మహిళల లీగు చిక్కిపోయి, టోక్యో ఒలింపిక్స్ వాయిదాపడి, క్రిస్టెన్ ప్రెస్, టోబిన్ హీత్ మాంచెస్టర్ యునైటెడ్‌కూ, రోజ్ లవెల్, సామ్ మ్యూయిస్ మాంచెస్టర్ సిటీకీ వచ్చారు. టెక్సస్‌లో ఫ్రిస్కో అనే ఊళ్ళో, మన తెలుగువాళ్ళు వీధికి నాలుగిళ్ళుగా ఉన్న చోట, ఒక పిల్ల శనివారం ఉదయాన్నే లేచి ఇంగ్లండు మహిళల లీగు చూడసాగింది. అదంతా నేను ఫోనులో వింటూ, ఇది ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలనుకున్నాను. అప్పటిదాకా నా ఉద్దేశంలో అమెరికా వాళ్ళకు ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడేదే.

నా ఉద్దేశం అలా ఏర్పడడానికి కారణం వెంబ్లీ. 2007 అక్టోబరు 28న అక్కడ న్యూయార్క్ జెయింట్స్, మయామీ డాల్ఫిన్స్ ఆడాయి. అమెరికన్ ఫుట్‌బాల్ లీగు మ్యాచు అమెరికా ఖండం బయట జరగడం అదే మొదలు. 81,176 మంది వచ్చారు. నేనప్పుడు ఇంకా డ్రైవరును కాలేదు, స్టేషను సిబ్బందిలో ఉన్నాను. వెంబ్లీ పార్క్ ప్లాట్‌ఫారం మీద వానలో తడుస్తూ జనాన్ని సర్దాను. నీలం చొక్కాలు, పచ్చనీలం చొక్కాలు, మోకాళ్ళదాకా బురద. అప్పటినుంచి దాదాపు ప్రతి శరత్కాలం ఒకటో రెండో ఆదివారాలు ఇదే వరస. దూరం నుంచి వచ్చేవాళ్ళు స్టాన్‌మోర్‌లో కారు ఆపి మా బండెక్కుతారు. అదే కొత్తనుకున్నాను. మా డిపోలో రిటైరవబోతున్న ఒక పెద్దాయన "1986 చూసుంటే తెలిసేది" అన్నాడు. ఆ ఏడు ఆగస్టు 3న చికాగో బేర్స్, డాలస్ కౌబాయ్స్ పాత వెంబ్లీలో స్నేహపూర్వక మ్యాచు ఆడితే 82,699 మంది వచ్చారు. అంతకు మూడేళ్ళ ముందు, 1983 ఆగస్టులో, మిన్నెసోటా వైకింగ్స్, సెయింట్ లూయిస్ కార్డినల్స్ వచ్చినప్పుడు మాత్రం 32,847 మందే. మూడేళ్ళలో ఇంత తేడా రావడానికి కారణం టీవీ. 1982లో మొదలైన చానల్ ఫోర్ ఆదివారాల్లో ఆ ఆట చూపించడంతో ఇంగ్లీషువాళ్ళకు రుచి తగిలింది.

ఆ 1983 నాకు ఇంకో రకంగా గుర్తు. ఆ జూన్ 25న కపిల్‌దేవ్ జట్టు లార్డ్స్‌లో క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచింది. నాకు పదకొండేళ్ళు. సికింద్రాబాద్‌లో మా గల్లీలో ఇటుకలు పేర్చి గోలుపోస్టులు చేసుకునేవాళ్ళం. ఆ వేసవి తర్వాత అవే ఇటుకలు వికెట్లయ్యాయి. లార్డ్స్‌కు దిగాల్సిన సెయింట్ జాన్స్ వుడ్ స్టేషను కూడా మా జూబ్లీ లైనులోనిదే. ఒకే లైను మీద హైవ్, వెంబ్లీ, లార్డ్స్, అవతలి కొసన స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒలింపిక్ స్టేడియం. మొత్తం 27 స్టేషన్లు. ఈ ఆటలన్నీ నా కళ్ళముందే ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతుంటాయి.

ఇంగ్లండువాళ్ళకు హెల్మెట్ల ఆట రుచి టీవీలో తగిలినట్టే అమెరికావాళ్ళకు సాకర్ రుచీ టీవీలోనే తగిలింది. అదీ వెంబ్లీ నుంచే. 1966 జూలై 30న ఇక్కడ ఇంగ్లండు పశ్చిమ జర్మనీని 4-2తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచిన ఆటను అమెరికాలో ఎన్‌బీసీ చూపించింది. చూసినవాళ్ళలో డబ్బున్న ఆసాములు కొందరు వెంటనే లీగులు పెట్టాలనుకున్నారు. 1967లో ఒకటి కాదు, రెండు పోటీ లీగులు పుట్టాయి. ఒకదానికి ఆటగాళ్ళే లేరు. అందుకని యూరపు, దక్షిణ అమెరికా క్లబ్బుల్ని వేసవి సెలవుల్లో అలాగే ఎత్తుకొచ్చి అమెరికా పేర్లు తగిలించారు. వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్ లాస్ ఏంజిలస్ వుల్వ్స్ అయింది. స్కాట్లండు అబర్డీన్ వాషింగ్టన్ విప్స్ అయింది. ఫైనల్లో ఈ రెండూ తలపడితే వుల్వ్స్ 6-5తో గెలిచింది. స్కాట్లండులోని డండీ యునైటెడ్ ఆ రెండు నెలలూ డాలస్ టోర్నడో పేరుతో ఆడింది.

ఆ డాలస్ జట్టు యజమాని లామర్ హంట్. చమురు కుటుంబం మనిషి. హెల్మెట్ల ఫుట్‌బాల్‌లో కాన్సస్ సిటీ చీఫ్స్ ఆయనదే, సూపర్ బౌల్ అనే పేరును వాడుకలోకి తెచ్చిందీ ఆయనే. సాకర్ మీద ఆయన పెట్టిన డబ్బు ఏళ్ళతరబడి తిరిగి రాలేదు. రెండు లీగులు 1968లో ఒకటయ్యాయి. 1975లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌కు రావడంతో స్టేడియాలు నిండాయి. 1977లో ఆయన వెళ్ళిపోయాక మెల్లగా ఖాళీ అయ్యాయి. 1984 సీజనుతో ఆ లీగు మూతపడింది. డాలస్ టోర్నడో అంతకు మూడేళ్ళ ముందే ఆగిపోయింది. అయినా హంట్ ఆటను వదల్లేదు. 1994 ప్రపంచ కప్పు తర్వాత, 1996లో కొత్త లీగు మొదలైనప్పుడు మళ్ళీ జట్లు తీసుకున్నాడు. 2003లో డాలస్ జట్టును కొన్నాడు. 2005లో దానికి సొంత స్టేడియం కట్టింది ఎక్కడనుకున్నారు? ఫ్రిస్కోలో. మా అక్కవాళ్ళింటికి పావుగంట. ఆ ఊరి మైదానాల్లోనే మా మేనకోడలు ఐదేళ్ళప్పుడు మొదటిసారి బంతి తన్నింది. వెంబ్లీలో 1966లో జరిగిన ఆట, నేను రోజూ దాటే చోట జరిగిన ఆట, చుట్టూ తిరిగి మా ఇంటి పిల్ల కాలి దగ్గరికి వచ్చింది. ఈ సంగతి తెలిసిన రోజు వెంబ్లీ పార్క్‌లో తలుపులు తెరిచినప్పుడు స్టేడియం మీది తోరణం వైపు మామూలుగా చూడలేకపోయాను.

అయితే 1966తోనే మొదలైందనుకోవడం కూడా తప్పు. ఆ తప్పు అమెరికావాళ్ళే చాలామంది చేస్తారు. 1930లో ఉరుగ్వేలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ కప్పులో అమెరికా సెమీఫైనల్ దాకా వెళ్ళింది. ప్రపంచ కప్పు చరిత్రలో మొదటి హ్యాట్రిక్ కూడా ఒక అమెరికన్‌దే. మసాచుసెట్స్‌లో ఫాల్ రివర్ అనే బట్టల మిల్లుల ఊరివాడు బర్ట్ పేటనాడ్, పరాగ్వే మీద చేశాడు. దాన్ని ఫీఫా లెక్కల్లోకి తీసుకోవడానికి 2006 దాకా పట్టింది. ఆ కాలంలో మిల్లు ఊళ్ళలో, ఉక్కు ఊళ్ళలో స్కాట్లండు నుంచి, ఇంగ్లండు నుంచి, పోర్చుగల్ నుంచి పనికి వచ్చినవాళ్ళు ఆడేవాళ్ళు. బెత్లెహెమ్ స్టీల్ అనే ఫ్యాక్టరీ జట్టు పెద్ద జట్టు. పని ఇచ్చిన చోటే ఆట. మా సికింద్రాబాద్ రైల్వే జట్లు, హైదరాబాద్ పోలీసు జట్టు ఎలాగో అలాగే. ఆర్థిక మాంద్యం వచ్చి మిల్లులు మూతపడితే లీగూ మూతపడింది.

తర్వాత 1950 జూన్ 29. బ్రెజిల్‌లో బెలో హోరిజొంటె. అమెరికా 1, ఇంగ్లండు 0. గోలు వేసిన జో గేజెన్స్ హైతీవాడు, న్యూయార్క్‌లో చదువుకుంటూ హోటల్లో గిన్నెలు కడిగేవాడు. గోలుకీపర్ ఫ్రాంక్ బోర్ఘి సెయింట్ లూయిస్‌లో శవాల బండి నడిపేవాడు. వాల్టర్ బార్ స్కూలు మాస్టారు. ఆ ప్రపంచ కప్పుకు అమెరికా నుంచి వెళ్ళిన విలేకరి ఒక్కడే, సెయింట్ లూయిస్ పోస్ట్-డిస్పాచ్‌లో పనిచేసే డెంట్ మెక్‌స్కిమ్మింగ్. పత్రిక పంపనంటే సెలవు పెట్టి సొంత ఖర్చుతో పోయాడు. గేజెన్స్ తర్వాత హైతీకి తిరిగి వెళ్ళాడు. 1964లో అక్కడి నియంత డువాలియే మనుషులు పట్టుకుపోయారు, మళ్ళీ ఇంటికి రాలేదు. ఇంగ్లండును ఓడించిన మనిషి కోసం అప్పుడు అమెరికాలో అడిగిన గొంతులు చాలా తక్కువ. ఈ కథ చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాకు గుర్తొచ్చింది గేజెన్స్ కాదు, మా నాన్న.

అదే 1950 ప్రపంచ కప్పుకు భారతదేశానికీ చోటు దక్కింది. మనవాళ్ళు వెళ్ళలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వరని మానుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది గానీ, అసలు సంగతి మన సమాఖ్య అప్పట్లో ఒలింపిక్స్‌కిచ్చిన విలువ ప్రపంచ కప్పుకు ఇవ్వకపోవడం. అంతకు రెండేళ్ళ ముందు, 1948 ఒలింపిక్స్‌కు మనవాళ్ళు లండన్ వచ్చారు. ప్రధాన స్టేడియం వెంబ్లీ. ఆ వెంబ్లీలోనే ఆగస్టు 12న మన హాకీ జట్టు బ్రిటన్‌ను 4-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. ఫుట్‌బాల్ జట్టు మాత్రం లండన్ తూర్పున ఇల్‌ఫర్డ్‌లో ఫ్రాన్సుతో ఆడింది, చాలామంది వట్టి కాళ్ళతోనే. రెండు పెనాల్టీలు వచ్చినా గోలు కాలేదు. 2-1తో ఓడింది. అదే వారంలో పడమట బ్రెంట్‌ఫర్డ్‌లో అమెరికా జట్టు ఇటలీ చేతిలో 9-0తో ఓడింది. ఒకే ఊళ్ళో, ఒకే ఎండల్లో, రెండు కొసల్లో రెండు ఓటములు. నేను సెలవురోజున ఈ రెండు చోట్లకీ వెళ్ళొచ్చాను. బ్రెంట్‌ఫర్డ్ క్లబ్బు 2020లో కొత్త స్టేడియానికి మారిపోయింది. మామూలు వీధులు, మామూలు ఇళ్ళు.

మా నాన్న 1938లో పుట్టారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన కుర్రతనంలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టంటే దేశమంతా జంకేది. 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టుకు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా పనిచేసిన మనిషి. భారత జట్టుకూ ఆయనే కోచ్, 1951 ఆసియా క్రీడల్లో బంగారం, 1962లో మళ్ళీ బంగారం. ఆ రెండింటి నడుమ 1956లో మెల్‌బోర్న్. మా నాన్నకు ఆ ఏడు పద్దెనిమిదేళ్ళు. తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుసేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం, ఈ పేర్లన్నీ ఆయన రైల్వే టైంటేబుల్లా ఒప్పజెప్పేవారు. అందరూ జంటనగరాల ఆటలో తేలినవాళ్ళే. బలరాం అయితే సికింద్రాబాద్ అమ్ముగూడవాడు, మాకు పొరుగు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్‌కు ప్రాక్టీసుకు రావడానికి సైకిలు అద్దె కూడా రహీం సాబే ఇచ్చేవారని నాన్న చెప్తే మేం అన్నం ముందు కూర్చుని వినేవాళ్ళం.

మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి మనవాళ్ళు సెమీఫైనల్‌కు చేరారు. నెవిల్ డిసూజా మూడు గోల్స్ వేశాడు. సెమీస్‌లో యుగోస్లావియా. రెండో సగంలో నెవిల్ మొదటి గోలు వేశాడు. ఆ తర్వాత యుగోస్లావియాకు నాలుగు గోల్స్ వచ్చాయి. 4-1. మూడో స్థానం మ్యాచులో బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానం. నాన్న ఈ కథ ఎప్పుడు చెప్పినా ఒకచోట ఆగేవారు: "మొదటి గోలు మనదే. యాదుంచుకో." మిగతా మూడు ముక్కలు గబగబా చెప్పేసేవారు.

రహీం సాబ్ 1963 జూన్‌లో క్యాన్సర్‌తో చనిపోయారు. భారత జట్టు మళ్ళీ ఆ ఎత్తుకు చేరలేదు. హైదరాబాద్ ఆట ఒక్కరోజులో పోలేదు, గ్రౌండ్లు తగ్గాయి, ఉద్యోగాలిచ్చే జట్లు తగ్గాయి, రేడియోలో, ఆపైన టీవీలో క్రికెట్ వచ్చింది. మా ఇంట్లో కూడా నాన్న చెప్పేవి పాతకాలం కబుర్లయ్యాయి. నేనే విన్నాను, విని పక్కనపెట్టాను. అందుకే అమెరికాలో ఈ ఆటమీద కొత్తగా మోజు పుట్టిందని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. అక్కడా ఒక ఫాల్ రివర్ ఉంది, ఒక సెయింట్ లూయిస్ ఉంది. అక్కడి ఇళ్ళలోనూ తాతలు మనవలకు చెప్పి ఉంటారు. వాళ్ళూ విని పక్కనపెట్టి ఉంటారు.

అమెరికాలో ఈ ఆటను తిరిగి తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది ఆడపిల్లల్ని. 1972లో అమెరికా చేసిన టైటిల్ నైన్ అనే చట్టం ప్రకారం ప్రభుత్వ సొమ్ము తీసుకునే బళ్ళు, కాలేజీలు ఆడపిల్లల పట్ల వివక్ష చూపడానికి వీల్లేదు. ఆటలకూ అదే వర్తించింది. హెల్మెట్ల ఫుట్‌బాల్‌కు మగపిల్లలు డజన్లకొద్దీ కావాలి. దానికి సరితూగేలా ఆడపిల్లలకు ఏ ఆట పెట్టాలంటే, బంతి ఒకటి, గడ్డి కాస్త, సాకర్ సరిపోయింది. అంతకు ముందు ఇంగ్లండులో ఏముందో గుర్తు చేసుకుంటే మనసు కలుక్కుమంటుంది. 1921లో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఆడవాళ్ళ మ్యాచులను తన క్లబ్బుల మైదానాల్లో నిషేధించింది. కిందటి డిసెంబరులో, 1920లో, లివర్‌పూల్‌లో ఆడవాళ్ళ మ్యాచుకు యాభై వేలమందికి పైగా వచ్చిన తర్వాత పెట్టిన నిషేధం అది. యాభై ఏళ్ళు, 1970 దశకం మొదలయ్యేదాకా నడిచింది. ఆట పుట్టిన చోట ఆడపిల్లలకు అన్నేళ్ళు మూసిన గేటు అప్పుడప్పుడే తెరుచుకుంటుంటే అమెరికా బడి మైదానాలు చట్టంతోనే తెరుచుకున్నాయి. అందుకే 1991లో మహిళల మొదటి ప్రపంచ కప్పు అమెరికాది. 1999లో పాసడీనాలో ఫైనల్‌కు 90,185 మంది వచ్చారు.

2012 ఆగస్టు 9, గురువారం రాత్రి, ఒలింపిక్ మహిళల ఫైనల్. వెంబ్లీలో అమెరికా 2, జపాన్ 1. రెండు గోల్సూ కార్లీ లాయిడ్‌వి. 80,203 మంది. ఆ రాత్రి నేను బండి మీదున్నాను. వెంబ్లీ పార్క్‌లో తలుపులు తెరిస్తే మామూలుగా ఫుట్‌బాల్ రాత్రుల్లో వినిపించే మగగొంతుల హోరు కాదు. సన్నటి గొంతులు, వందలు, వేలు. ముఖాలకు చారలు, చుక్కలు పూసుకున్న పిల్లలు, వాళ్ళ అమ్మలు. చివరి స్టేషన్ స్టాన్‌మోర్‌లో నేను క్యాబ్ మారడానికి ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే ఒక అమెరికన్ తండ్రి నిద్రపోయిన కూతుర్ని భుజాన వేసుకుని పై మెట్లవైపు వెళ్తున్నాడు. స్టాన్‌మోర్ స్టేషన్లో మెట్లు చాలా ఉంటాయి. సగంలో ఆగి రొప్పుతుంటే ఆ పిల్ల కళ్ళు తెరవకుండానే పతకం వచ్చిందా అనడిగింది. వచ్చిందన్నాడు. ఆ పిల్ల మళ్ళీ పడుకుంది. ఆ జట్టులో అలెక్స్ మోర్గాన్ ఉందని నాకు ఎనిమిదేళ్ళ తర్వాత మా మేనకోడలు చెబితే తెలిసింది.

2022 వేసవిలో అది స్టాన్‌మోర్ వచ్చింది. మొదటిరోజే హైవ్ గేటు దగ్గర ఫొటో. రెండోరోజు నేను బెంట్లీ ప్రయరీకి తీసుకెళ్ళాను. కొండమీది ఆ భవనం రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ యుద్ధవిమాన దళానికి ప్రధాన కార్యాలయం, ఇప్పుడు మ్యూజియం. 1940లో ఆ దళాధిపతి డౌడింగ్ ఇక్కణ్ణుంచే విమానాలను నడిపించాడు. ఆ విమాన దళాల్లో 152 హైదరాబాద్ స్క్వాడ్రన్, 253 హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్ ఉన్నాయని, ఆ పేర్లు నిజాం ఇచ్చిన డబ్బు వల్ల వచ్చాయని చెప్పాను. ఆ డబ్బు మన రైతులు కట్టిన శిస్తేనని కూడా చెప్పాను. నార్మండీ దాడి నాటికి ఇదే చోట మిత్రరాజ్యాల విమాన దళాల కార్యాలయం ఉండేది, అమెరికన్ అధికారులు పనిచేశారు. ఆ 1944 మొదట్లోనే లండన్ వైట్ సిటీ స్టేడియంలో అమెరికా, కెనడా సైనికులు హెల్మెట్ల ఫుట్‌బాల్ ఆడుకున్నారు. "మరి మన సాకర్ ఆడలేదా?" అంది. మన సాకర్ అన్న మాట దాని నోట వింటే ఎవరిని కలిపి మన అంటోందో అర్థం కాలేదు. అడగలేదు. బాగుందనిపించింది.

రగ్బీ సంగతి కొంచెమే చెప్తాను, నేను పుట్టిన చోట ఆ ఆట లేదు. మాకు కొద్దిమైళ్ళలో హెండన్ వైపు సారసెన్స్ జట్టు 2013 నుంచి ఆడుతోంది. అమెరికా కెప్టెన్‌గా చేసిన క్రిస్ వైల్స్ అక్కడ పదేళ్ళు ఆడాడు. అమెరికాకు ఆడిన హేడెన్ స్మిత్ 2012లో సారసెన్స్ వదిలి న్యూయార్క్ జెట్స్‌లో హెల్మెట్ పెట్టుకుని, తర్వాతి ఏడు తిరిగొచ్చాడు. ఈ ఆటలోనూ అదే మరుపు కథ. 1905లో హెల్మెట్లు లేని కాలపు అమెరికన్ ఫుట్‌బాల్‌లో కుర్రాళ్ళు చనిపోతున్నారని గగ్గోలు పుడితే, కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ 1906లో రగ్బీకి మారాయి. కొన్నేళ్ళకు వెనక్కి వెళ్ళిపోయాయి గానీ అప్పటికి నేర్చిన చేతులున్నాయి. 1920లో ఆంట్వెర్ప్‌లో, 1924లో పారిస్‌లో ఒలింపిక్ రగ్బీ బంగారం అమెరికాదే, రెండుసార్లూ ఫ్రాన్సు మీద. ఆపైన ఒలింపిక్స్ నుంచి రగ్బీనే తీసేశారు, 2016లో ఏడుగురి ఆటగా తిరిగొచ్చేదాకా. 2015 ప్రపంచ కప్పులో మా లైను అవతలి కొసన, స్ట్రాట్‌ఫర్డ్‌లో, దక్షిణాఫ్రికా అమెరికాను 64-0తో చితక్కొట్టింది. ఆ రాత్రి బండెక్కిన అమెరికా చొక్కాలవాళ్ళు చిన్నబోయి ఉన్నారు గానీ పాడుతూనే ఉన్నారు.

ఇక్కడా దారి చూపింది ఆడవాళ్ళే. మహిళల మొదటి రగ్బీ ప్రపంచ కప్పు, 1991, కార్డిఫ్, ఫైనల్లో ఇంగ్లండును 19-6తో ఓడించింది అమెరికా. 2024 పారిస్ ఒలింపిక్స్ ఏడుగురి ఆటలో ఆస్ట్రేలియాతో ఆఖరి క్షణంలో సెడ్రిక్ అనే అమెరికా అమ్మాయి మైదానమంతా పరుగెత్తి 14-12తో కంచు తెచ్చింది. ఆ జట్టులోని ఇలోనా మాహర్ 2025 జనవరిలో బ్రిస్టల్‌కు ఆడడానికొస్తే మ్యాచును పెద్ద స్టేడియానికి మార్చాల్సి వచ్చింది, 9,240 మంది వచ్చారు. ఆ ఆగస్టులో సండర్‌లండ్‌లో ప్రపంచ కప్పు తొలి మ్యాచు, ఇంగ్లండు 69, అమెరికా 7. నేను టీవీలో చూస్తూ పాత ఒలింపిక్ లెక్కలు తల్చుకున్నాను. 2031లో మగవాళ్ళ ప్రపంచ కప్పు అమెరికాలోనే.

2024 డిసెంబరులో అందరం సికింద్రాబాద్‌లో కలిశాం. బలరాం పోయి అప్పటికి ఏడాది దాటింది, 2023 ఫిబ్రవరిలో. ఆ వార్త రోజున నాన్న ఫోనులో ఏమీ మాట్లాడలేదు, వినిపించిందల్లా ఫ్యాను చప్పుడే. ఇప్పుడు వసారాలో కుర్చీలో కూర్చున్నారు. మా మేనకోడలు ఆయన కాళ్ళదగ్గర పీటమీద. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు వెతుక్కుంటుంది. మెల్‌బోర్న్ కథ మొదలైంది. ఆస్ట్రేలియా, నెవిల్, సెమీస్. "మొదటి గోలు మనదే" దగ్గర నాన్న అలవాటుగా ఆగారు.

అప్పుడది ఫోను తీసి ఏదో వెతికి, "తాతయ్యా, అమెరికా కూడా ఆడింది కదా అప్పుడు. అదే యుగోస్లావియాతో. మీకంటే ముందు మ్యాచ్" అంది.

నాన్నకు ఆ సంగతి తెలియదు. అరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఒలింపిక్స్ ఆయన నాలుకమీద ఉన్నాయి, ఈ ఒక్క ముక్క మాత్రం ఆయనదాకా రాలేదు. ముందుకు వంగి "ఎంత?" అన్నారు.

"తొమ్మిది, ఒకటి."

"తొమ్మిది వాళ్ళకా?"

"యుగోస్లావియాకి."

నాన్న కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడిచారు. దాని తలమీద చెయ్యి వేశారు.

"పాపం," అన్నారు, "వాళ్ళకు రహీం సాబ్ లేకుండె గద."